రే మార్ నట జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలో ఇల్లు అద్దెకు తీసుకుని, సాయంత్రం ఏడింటికి ఛానల్ సెవెన్ పెట్టే తెలుగువాళ్లకి ఒక పెద్దాయన కనిపిస్తారు. బొంగురు గొంతు, ముక్కు మీద కోపం, సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు. నాలుగు రోజులు వరసగా చూశారంటే ప్రశ్నలు మొదలవుతాయి. పిల్లల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు అడిగేవీ, ఇక్కడ చదువుకుంటున్న కుర్రాళ్లు అడిగేవీ దాదాపు ఒకటే కాబట్టి అన్నిటికీ జవాబులు ఒకచోట రాశాను. ఏ ప్రశ్న నుంచైనా చదవచ్చు. పాత కథలోని మలుపులు కొన్ని మాత్రం బయటపడతాయి.

## ముందుగా వచ్చే సందేహాలు

ఈ పెద్దాయన ఎవరు? ఎప్పటి నుంచి ఈ సీరియల్‌లో ఉన్నారు?

ఆయన పేరు రే మార్. 'హోమ్ అండ్ అవే' సీరియల్‌లో ఆల్ఫ్ స్టీవర్ట్ పాత్ర ఆయనది. మొదటి ఎపిసోడ్ 1988 జనవరి 17న వచ్చింది. ఆ రోజు తెర మీద ఉన్న నటీనటుల్లో ఇంకా కొనసాగుతున్నది ఆయన ఒక్కరే. చేరినప్పుడు ఆయనకి 43 ఏళ్లు, ఇప్పుడు ఎనభై దాటాయి.

ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తే మీగర్ అని ఉంది, మార్ అంటారేంటి?

అది ఐర్లాండ్ నుంచి వచ్చిన ఇంటిపేరు. ఆయన కుటుంబం 'మార్' అనే పలుకుతుంది. ఇక్కడ టీవీవాళ్లూ, అవార్డు వేదికల మీద పిలిచేవాళ్లూ అలాగే అంటారు.

మన డైలీ సీరియల్స్ లాంటిదేనా ఇది?

వారంలో ఎక్కువ రోజులు రావడం, అరగంట స్లాట్, యాడ్స్ తీసేస్తే ఇరవై రెండు నిమిషాల కథ. ఇంతవరకూ మన సీరియల్స్ లాగానే ఉంటుంది. తేడా కథ నడిచే పద్ధతిలో ఉంది. మన దగ్గర ఒక హీరోయిన్, ఆమె అత్తవారిల్లు, ఆమె కష్టం చుట్టూ కథంతా తిరుగుతుంది, ఆమె కథ ముగిస్తే సీరియల్ ముగుస్తుంది. 'హోమ్ అండ్ అవే'కి కేంద్రం సమ్మర్ బే అనే ఊరు. అక్కడికి కొత్తవాళ్లు వస్తుంటారు, రెండు మూడేళ్లు ఉంటారు, వెళ్లిపోతుంటారు. ఒకేసారి మూడు నాలుగు కథలు నడుస్తుంటాయి. ఏటా క్రిస్మస్ ముందు ఒక పెద్ద ప్రమాదంతోనో పెద్ద రహస్యంతోనో ఆపేసి, వేసవి సెలవులు గడిచాక మళ్లీ మొదలుపెడతారు.

ఇలాంటి కథలో కదలకుండా ఉండే మనిషి ఒకరు కావాలి. కొత్తగా ఊరికి వచ్చినవాడు ఎవరితోనో ఒకరితో గొడవ పడాలి, ఎవరో ఒకరు వాడికి పని ఇవ్వాలి, ఎవరో ఒకరు వాడిని మందలించాలి. ముప్పై ఏడేళ్లుగా ఆ పనులన్నీ ఎక్కువగా ఆల్ఫ్ మీదే పడ్డాయి. రే మార్ నట జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఈ సంగతి పట్టుకోవాలి.

## సీరియల్‌కి ముందు

చూస్తే రైతులా ఉంటారు. నిజంగా పల్లె మనిషేనా?

నిజంగానే. 1944 జూలై 4న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని రోమా అనే పట్టణంలో పుట్టారు. బ్రిస్బేన్ నుంచి పడమటికి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు వెళ్తే వస్తుంది. డిరన్‌బండి దగ్గర గొర్రెలూ పశువులూ మేపే పెద్ద పొలంలో పెరిగారు. న్యూ సౌత్ వేల్స్ సరిహద్దుకి దగ్గరి ప్రాంతం అది. వాన కోసం ఎదురుచూసే నేల, ఇంటికీ ఇంటికీ మధ్య కిలోమీటర్ల దూరం.

పై చదువుకి బ్రిస్బేన్‌లోని మారిస్ట్ కాలేజ్ ఆష్‌గ్రోవ్ హాస్టల్‌కి పంపారు. క్రికెట్ చూసేవాళ్లకి ఒక మాట: మాథ్యూ హేడెన్ కూడా ఆ స్కూల్లోనే చదివారు, కాకపోతే చాలా ఏళ్ల తర్వాత. రే మార్ అక్కడ రగ్బీ ఆడారు.

ఆల్ఫ్ నిలబడే తీరు, తక్కువ మాటల్లో తేల్చేయడం, మెచ్చుకోవాల్సి వస్తే మొహమాటపడటం ఆ నేల మీద పెరిగిన మగవాళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. నటన లేదని కాదు. ఎవరిని నటించాలో ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఈ సీరియల్‌తోనే నటుడయ్యారా?

కాదు. అప్పటికే పదేళ్లకి పైగా సినిమాల్లో, టీవీలో పని చేసి ఉన్నారు. 1970ల చివర ఆస్ట్రేలియా సినిమా కొత్త ఊపుతో లేచింది. ప్రభుత్వం డబ్బు సాయం చేసింది, సొంత చరిత్ర మీద కథలు తీయడం మొదలైంది. ఫ్రెడ్ షెపీసీ 1978లో తీసిన 'ద చాంట్ ఆఫ్ జిమ్మీ బ్లాక్‌స్మిత్'లో రే మార్ ఉన్నారు. ఆదివాసీ యువకుడి మీద తెల్లవాళ్ల సమాజం చేసిన అన్యాయం చుట్టూ నడిచే సినిమా అది.

రెండేళ్ల తర్వాత, 1980లో, బ్రూస్ బెరెస్‌ఫర్డ్ తీసిన 'బ్రేకర్ మోరాంట్' వచ్చింది. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం, బ్రిటిష్ సైన్యం తన కింద పోరాడిన సైనికుల్నే కోర్టు మార్షల్ చేయడం దాని కథ. ఎడ్వర్డ్ వుడ్‌వర్డ్, జాక్ థాంప్సన్, బ్రయాన్ బ్రౌన్ ముఖ్య పాత్రల్లో ఉన్న ఆ సినిమాలో రే మార్ సార్జెంట్ మేజర్ డ్రమ్మండ్. పెద్ద పాత్ర కాదు. అయినా ఆల్ఫ్‌ని మాత్రమే చూసినవాళ్లు ఆ కోర్టు సీన్లలో ఆయన్ని చూడాలి. యూనిఫాంలో బిగుసుకుని కూర్చున్న ఆ మనిషి మీద మనకి కోపం వచ్చేలా చేస్తారు.

'ప్రిజనర్' సీరియల్‌లో మూడు వేర్వేరు పాత్రలు చేశారట, అదెలా కుదిరింది?

'ప్రిజనర్' ఒక ఆడవాళ్ల జైలు కథ. టెన్ నెట్‌వర్క్‌లో 1979 నుంచి 1986 దాకా 692 ఎపిసోడ్లు వచ్చింది. అందులో రే మార్ మొదట జెఫ్ బట్లర్‌గా, తర్వాత కర్ట్ రెన్నర్‌గా, చివర్లో ఎర్నెస్ట్ క్రేవెన్‌గా కనిపించారు. క్రేవెన్ ఒక జైలుకి పెద్ద అధికారి, పరమ క్రూరుడు.

అప్పట్లో ఇది వింతేం కాదు. ఆస్ట్రేలియా జనాభా తక్కువ, టీవీ పరిశ్రమ చిన్నది, సీరియల్స్ మాత్రం వారానికి గంటల కొద్దీ కథ అడిగేవి. ఒక నటుడు డైలాగ్ త్వరగా పట్టి, టైముకి వచ్చి, గొడవ లేకుండా పని చేసి వెళ్లాడంటే రెండేళ్ల తర్వాత కొత్త పేరుతో మళ్లీ పిలిచేవాళ్లు. ఒకే సీరియల్‌కి మూడుసార్లు పిలుపు వచ్చిందంటే ఆయన పని మీద తీసేవాళ్లకి ఎంత నమ్మకమో తెలుస్తుంది.

ఇంకో ముచ్చట. 'ప్రిజనర్'లో వెరా బెన్నెట్ అనే కఠినమైన జైలు అధికారిణిగా పేరు తెచ్చుకున్న ఫియోనా స్పెన్స్ తర్వాత 'హోమ్ అండ్ అవే'లో ఆల్ఫ్ చెల్లెలు సీలియాగా వచ్చారు.

## సమ్మర్ బే మొదలైన రోజులు

ఈ సీరియల్ ఎందుకు మొదలైంది?

సెవెన్ నెట్‌వర్క్ ఒక పొరపాటు చేసింది. 1985లో తన దగ్గరే మొదలైన 'నెయిబర్స్' సీరియల్‌ని 170 ఎపిసోడ్ల తర్వాత ఆపేసింది. దాన్ని పోటీ ఛానల్ టెన్ తీసుకుంది, కైలీ మినోగ్ లాంటి కొత్త మొహాలతో దేశమంతా ఊగిపోయేలా చేసింది, బ్రిటన్‌కి కూడా అమ్మింది. దాంతో సెవెన్‌కి తనదైన సీరియల్ ఒకటి అర్జెంటుగా కావాల్సి వచ్చింది.

సెవెన్‌లో డ్రామా విభాగం చూసే అలన్ బేట్‌మన్ దగ్గర ఒక ఆలోచన ఉంది. న్యూ సౌత్ వేల్స్ తీరంలో ఒక చిన్న ఊరికి వెళ్లినప్పుడు, సిటీ నుంచి వచ్చే అనాథ పిల్లల కోసం అక్కడ ఇల్లు కడుతుంటే ఊరివాళ్లు వద్దని గొడవ చేయడం ఆయన విన్నారు. తల్లిదండ్రులు లేని పిల్లలు, వాళ్లని పెంచుకునే జంట, ఆ పిల్లలంటే పడని ఊరు. టామ్, పిప్పా ఫ్లెచర్ దంపతులు పెంచుకుంటున్న పిల్లలతో సమ్మర్ బేకి రావడంతో కథ మొదలవుతుంది. వాళ్లు కొనుక్కునే కారవాన్ పార్కుని, అంటే చక్రాల ఇళ్లు నిలుపుకునే స్థలాన్ని, అమ్మింది ఆల్ఫే.

మొదట్లో ఆల్ఫ్ మంచివాడా, చెడ్డవాడా?

మొదట్లో చూస్తే చిరాకు పుట్టిస్తాడు. ఊరు తన సొంతం అన్నట్టు ఉంటాడు. పెంపుడు పిల్లల మీద, ముఖ్యంగా బాబీ సింప్సన్ అనే అల్లరి పిల్ల మీద, అతనికి అస్సలు నమ్మకం లేదు. ఊళ్లో ఏ తప్పు జరిగినా చూపు అటే పోతుంది. కొన్నాళ్లకి బాబీ కన్నతల్లి ఎవరో బయటపడుతుంది. ఆల్ఫ్ సొంత తోబుట్టువు, లాయరుగా పేరున్న మోరాగ్. ఇంతకాలం ఈసడించిన పిల్ల తన మేనకోడలని తెలిశాక అతను ఏ మొహం పెట్టుకుని ఆ పిల్లతో మాట్లాడాలి?

సీరియల్ మొదలెట్టినవాళ్లు ఆల్ఫ్‌ని విలన్ చేయలేదు, దేవుణ్ణీ చేయలేదు. అపోహలు నిండిన మామూలు మనిషిని చేశారు. ఆ అపోహలు ఒక్కొక్కటీ బద్దలవడం జనం ఏళ్ల తరబడి చూశారు. ఈ పాత్ర ఇన్నాళ్లు నిలవడానికి అసలు కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. మొదటి రోజే మంచివాడైన మనిషికి మారడానికి ఏమీ మిగలదు.

ఐల్సా ఎవరు? పాత అభిమానులు ఆ పేరు ఎత్తగానే కళ్లు తుడుచుకుంటారేం?

ఐల్సా సమ్మర్ బేలో కిరాణా కొట్టు నడిపిన మనిషి, ఆల్ఫ్ భార్య. తల్లిని హింసించే తండ్రిని చంపి జైలుకి వెళ్లొచ్చిన గతం ఆమెది. ఆ విషయం దాచి ప్రేమించడం, అది తెలిశాక ఆల్ఫ్ తట్టుకోలేకపోవడం, చివరికి ఆమె చేయి పట్టుకోవడం 1988 నాటి కథ. పెళ్లి కూడా ఆ ఏడాదే.

ఆ పాత్ర వేసిన జూడీ నన్, రే మార్ పన్నెండేళ్లు భార్యాభర్తలుగా నటించారు. పన్నెండేళ్లలో పోట్లాటలు, అప్పులు, బిడ్డ, జబ్బులు, కొట్టులో లెక్కలు అన్నీ తెర మీద నడిచాయి. తర్వాత జూడీ నన్ నవలలు రాయడం మీదే దృష్టి పెట్టాలనుకున్నారు, 2000లో ఐల్సా గుండె జబ్బుతో చనిపోయినట్టు చూపించారు. ఆమె ఆ తర్వాత ఆస్ట్రేలియాలో బాగా అమ్ముడుపోయే నవలా రచయిత్రి అయ్యారు.

రే మార్ పనిలో ఉత్తమమైనది ఏదంటే నేను ఆ రోజుల్ని చూపిస్తాను. ఏడవడం చేతకాని మనిషి దుఃఖం అది. పెద్దగా అరవడు. చేతికి దొరికిన పని చేస్తుంటాడు, మాట మధ్యలో ఆగిపోతాడు. రోజుకి అన్ని పేజీల షూటింగ్ జరిగే సీరియల్‌లో ఆ నిదానం దక్కించుకోవడం చాలా కష్టం.

కూతురు రూ మొహం మారిపోయిందేంటి?

మొదట రూగా నటించింది జస్టిన్ క్లార్క్. ఆమె 1989లో వెళ్లిపోయారు. రూ పాత్ర 2010లో తిరిగి వచ్చినప్పుడు జార్జీ పార్కర్ తీసుకున్నారు. జార్జీ అప్పటికే 'ఆల్ సెయింట్స్' అనే ఆసుపత్రి సీరియల్‌తో రెండు గోల్డ్ లోగీ టీవీ అవార్డులు గెలిచిన పెద్ద పేరు.

మొదటి భార్య చనిపోయింది కదా, మళ్లీ ఎలా వచ్చింది?

రూ తల్లి మార్తా సముద్రంలో మునిగి చనిపోయిందని కథ మొదటి నుంచీ చెప్పారు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 2018లో, ఆమె బతికే ఉందని తేల్చారు. బెలిండా గిబ్లిన్ ఆ పాత్రలో వచ్చారు. కొంతమంది ఇది మరీ అతి అన్నారు. నాకు మాత్రం డెబ్బైకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు నటులకి ప్రేమ, కోపం, క్షమ అన్నీ ఉన్న కథ దొరకడం సంతోషం అనిపించింది. టీవీలో ఆ వయసువాళ్లకి ఎక్కువగా టీ కప్పు పట్టుకుని కూర్చునే పాత్రలే ఇస్తారు.

## నిలబడిన ఏళ్లు

క్రిస్ హెమ్స్‌వర్త్ కూడా ఇక్కడి నుంచే వెళ్లాడట. ఈయన హాలీవుడ్‌కి ఎందుకు వెళ్లలేదు?

నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఇదే. అడిగే తీరులో కొంచెం జాలి కూడా ఉంటుంది, అది నాకు నచ్చదు.

అవును, క్రిస్ హెమ్స్‌వర్త్ 2004 నుంచి 2007 దాకా ఇందులో కిమ్ హైడ్‌గా చేశాడు, 2011లో 'థోర్' అయ్యాడు. నవోమీ వాట్స్ 1991లో, ఐలా ఫిషర్ 1994 నుంచి 1997 దాకా, హీత్ లెడ్జర్ 1997లో కొద్ది ఎపిసోడ్లలో ఇక్కడ కనిపించారు. వీళ్లందరూ అప్పుడు కుర్రవాళ్లు. ఈ సీరియల్ వాళ్లకి కెమెరా ముందు రోజూ పని నేర్పిన చోటు. నేర్చుకున్నాక వెళ్లడం వాళ్ల దారి.

రే మార్ నలభై మూడేళ్ల వయసులో, సినిమాలూ సీరియల్సూ చేసి వచ్చిన మనిషి. గెస్ట్ రోల్స్ మీద బతికే నటుడికి వచ్చే నెల పని ఉంటుందో లేదో తెలియదు. ఆ టెన్షన్ పదేళ్లు పడ్డాక, మంచి పాత్ర, ఏడాది పొడవునా పని, ఇల్లు వదలక్కర్లేని షూటింగ్ దొరికితే నిలబెట్టుకోవడం తెలివైన పని. పైగా, ఆ కుర్రవాళ్లు మొదటి సీన్లలో తడబడుతున్నప్పుడు ఎదురుగా స్థిరంగా నిలబడి డైలాగ్ అందించే నటుడు ఒకడు ఉండాలి. వెళ్లినవాళ్ల పేర్లు లెక్కపెట్టేటప్పుడు వాళ్లకి ఎదురుగా నిలబడినవాళ్ల పేరు కూడా చెప్పాలి.

ముప్పై ఏడేళ్లు ఒకే పాత్ర చేస్తే విసుగు రాదా?

మధ్యలో బ్రేక్స్ తీసుకున్నారు. 2010లో లండన్ వెళ్లి, అక్కడి పెద్ద నాటకశాలలుండే వెస్ట్ ఎండ్‌లో 'ప్రిసిల్లా' మ్యూజికల్ నాటకంలో బాబ్ పాత్ర చేశారు. ఎడారిలో ఆగిపోయిన బస్సుని బాగుచేసే మెకానిక్ అతను. ఆల్ఫ్‌కి పూర్తిగా వేరే ప్రపంచం, రోజూ జనం ముందు ప్రదర్శన. బ్రిటన్‌లో ఆయనకి కొత్త పరిచయం అక్కర్లేదు. 'హోమ్ అండ్ అవే' అక్కడ 1989లో ఐటీవీలో మొదలై, 2001 నుంచి ఛానల్ ఫైవ్‌లో నడుస్తోంది.

పాత్ర కూడా ఒకేచోట ఆగలేదు. నడివయసు తండ్రి, కొత్త పెళ్లికొడుకు, భార్య పోయినవాడు, తాతయ్య, వియత్నాం యుద్ధపు జ్ఞాపకాలు వదలని మాజీ సైనికుడు. నటుడి వయసూ పాత్ర వయసూ కలిసి పెరిగాయి.

"ఫ్లేమిన్ గాలా" అని తిట్టడం ఆయన సొంత డైలాగా?

కాదు, గాలా అనేది గులాబీ, బూడిద రంగుల్లో ఉండే ఇక్కడి చిలుక. మూర్ఖుణ్ణి ఆ పేరుతో తిట్టడం పల్లెల్లో పాత అలవాటు. సిటీ కుర్రాళ్లు ఇప్పుడు పెద్దగా వాడరు, ఆల్ఫ్ వల్ల మాత్రం దేశమంతటికీ గుర్తుంది.

గిన్నిస్ రికార్డు నిజమేనా?

నిజమే. ఆస్ట్రేలియా సీరియల్‌లో ఎక్కువ కాలం పని చేసిన నటుడిగా గిన్నిస్‌లో ఆయన పేరుంది. సీరియల్ 8,000 ఎపిసోడ్లు దాటింది. ఒక్కోటి ఇరవై రెండు నిమిషాలు అనుకున్నా, నిద్ర లేకుండా చూస్తే 120 రోజులు పడుతుంది. ఆయన అన్నిట్లోనూ కనిపించరు, అయినా పరిమాణం అర్థమవుతుంది.

గోల్డ్ లోగీ అంటే ఏమిటి? ఆయనకి ఎప్పుడు వచ్చింది?

లోగీలు ఆస్ట్రేలియా టీవీ అవార్డులు. టీవీని కనిపెట్టినవారిలో ఒకరైన జాన్ లోగీ బేర్డ్ పేరు మీద పెట్టారు. గోల్డ్ లోగీ వాటిలో పెద్దది, దానికి ప్రేక్షకులు ఓట్లు వేస్తారు. రే మార్‌కి 2010లో వచ్చింది, అంటే సీరియల్ మొదలైన ఇరవై రెండేళ్లకి. ఇదే సీరియల్‌లో చిన్నపిల్లగా చేరి పెరిగిన కేట్ రిచీ 2007, 2008లో వరసగా గెలిచారు. 1993 నుంచి ఐరీన్ పాత్ర చేసిన లిన్ మెక్‌గ్రాంజర్ సీరియల్ వదిలిన 2025లో గెలిచారు. నిలబడ్డవాళ్లని జనం ఆలస్యంగానైనా గుర్తుపెట్టుకున్నారు.

కొన్నాళ్లు కనపడలేదు, ఆరోగ్యం బాగాలేదా?

2021లో ఆయనకి గుండె బైపాస్ ఆపరేషన్ జరిగింది. కోలుకుని తిరిగి షూటింగ్‌కి వచ్చారు. ఆయన లేని రోజుల్లో ఆల్ఫ్ తన భార్య మార్తా ఉండే మెరింబులా ఊరికి వెళ్లాడని కథలో చెప్పుకున్నారు.

## చూడాలనుకునేవాళ్లకి

సమ్మర్ బే నిజంగా ఉందా? వెళ్లొచ్చా?

ఆ పేరుతో ఊరు లేదు. బయటి సీన్లు సిడ్నీ ఉత్తర కొసన ఉన్న పామ్ బీచ్‌లో తీస్తారు, ఇంటి లోపలి సీన్లు సిడ్నీ స్టూడియోలో. సిటీ నుంచి పామ్ బీచ్ దాదాపు నలభై కిలోమీటర్లు. విన్‌యార్డ్‌లో బీ1 బస్సు ఎక్కి మోనా వేల్‌లో దిగి, 199 పట్టుకోవాలి. గంటన్నర చేతిలో పెట్టుకోండి. సర్ఫ్ క్లబ్ భవనం చూడగానే గుర్తుపడతారు. షూటింగ్ జరుగుతుంటే దూరం నుంచి చూడనిస్తారు, టేక్ నడిచేటప్పుడు మాత్రం మాట్లాడకూడదు. ఓపిక ఉంటే బారెన్‌జోయీ లైట్‌హౌస్ దాకా ఎక్కండి. పైనుంచి ఒకవైపు సముద్రం, ఒకవైపు పిట్‌వాటర్ అనే నీటి పాయ కనిపిస్తాయి. మంచినీళ్లు తీసుకెళ్లండి, అమ్మానాన్నలతో వెళ్తే ఎండ తగ్గాక ఎక్కండి.

8,000 ఎపిసోడ్లు చూడలేం. ఎక్కడ మొదలుపెట్టాలి?

1988 నాటి మొదటి ఎపిసోడ్ చూడండి, అది సినిమా అంత నిడివితో ఉంటుంది. తర్వాత ఐల్సా చనిపోయిన 2000 నాటి భాగాలు. ఆ తర్వాత ఈ వారం వచ్చేది. సెవెన్ వాళ్ల యాప్ సెవెన్‌ప్లస్‌లో ఆస్ట్రేలియాలో ఉచితంగా కొత్త ఎపిసోడ్లు చూడొచ్చు. 'బ్రేకర్ మోరాంట్' కూడా దొరికితే అదే వారంలో చూడండి, ఇద్దరూ ఒకే మనిషేనా అని ఆశ్చర్యపోతారు.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, టీవీలో నటిస్తానంటోంది. ఎక్కడ చేర్పించాలి?

నటన నేర్పే పేరున్న కాలేజీలు మూడు. సిడ్నీలో నిడా, పెర్త్‌లో వాపా, మెల్‌బోర్న్‌లో విక్టోరియన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్. కేట్ బ్లాంచెట్ నిడాలో, హ్యూ జాక్‌మన్ వాపాలో చదివారు. మూడింటిలోనూ ఆడిషన్ ద్వారానే సీటు, పోటీ చాలా ఎక్కువ. మొదటిసారి రాకపోతే అమ్మాయిని తిట్టకండి, మళ్లీ ప్రయత్నించనివ్వండి. స్కూల్లో డ్రామా సబ్జెక్టు ఉంటే తీసుకోమనండి, ఊళ్లో ఔత్సాహిక నాటక బృందాలు ఉంటే చేరనివ్వండి. నటులకి ఎంఈఏఏ అనే యూనియన్ ఉంది, కనీస పారితోషికం, పని గంటల నియమాలు అదే చూస్తుంది. ఏ ఏజెంటైనా తన దగ్గర పేరు నమోదు చేసుకోవడానికే ముందుగా డబ్బు కట్టమంటే కట్టకండి. సరైన ఏజెంటు పని ఇప్పించాక వచ్చిన దాంట్లో కమీషన్ తీసుకుంటాడు.